క్వీర్ ఫాంటసీ, హారర్, సైన్స్ ఫిక్షన్ నవలలు: మొదటి పుస్తకం ఎలా ఎంచుకోవాలి, మధ్యలో వదలకుండా ఎలా చదవాలి

ఈ ప్రశ్న నాకు నెలకు రెండు మూడుసార్లయినా వస్తుంది. "క్వీర్ నవలలు చదవాలనుంది. అదీ దెయ్యాలవి, మంత్రాలవి, అంతరిక్షానివి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?" (క్వీర్ అంటే ఆడామగా జంట అన్న మూసలోనో, ఆడ, మగ అన్న రెండు పెట్టెల్లోనో ఇమడని మనుషులు, వాళ్ళ ప్రేమలు.) అడిగినవాళ్ళలో సగం మంది అప్పటికే ఒక పుస్తకం కొని, నలభై పేజీలు చదివి, మూల పడేసినవాళ్ళే. ఆ పుస్తకం చెడ్డదేం కాదు, చాలాసార్లు బహుమతులు కొట్టిన పుస్తకమే. చిక్కల్లా ఎంచుకున్న తీరులో ఉంది. "అన్నిటికంటే గొప్ప క్వీర్ సైన్స్ ఫిక్షన్" అని వెతికి, పైన కనిపించింది కొనేశారు. ముళ్ళు తీయడం రాకముందే పులస ముందేసుకుని కూర్చున్నట్టు.

నా పద్ధతిలో క్వీర్ అన్న మాట రెండోది. మీకు ఏ రకం కథ పడుతుందన్నది మొదటిది. ఈ వరస తిరగేసినవాళ్ళే ఎక్కువగా ఆగిపోతారు.

ఏం కావాలి

రోజుకు అరగంట చొప్పున ఒక మూడు వారాలు. ఫోనో, కిండిలో, కాగితం పుస్తకమో, ఏదైనా ఒకటి. ఇంగ్లీషు పేపరు చదవగలిగినంత ఇంగ్లీషు, ఎందుకంటే ఇక్కడ నేను చెప్పే పుస్తకాలన్నీ ఇంగ్లీషులో రాసినవే. పేర్లు రాసుకోవడానికి ఒక కాగితం. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, తరవాత చెబుతాను. ఇంకొకటి, మీ ఫోన్ ఇంట్లో ఎవరెవరి చేతుల్లోకి వెళ్తుందో ఒక అంచనా.

డబ్బు తప్పనిసరి కాదు. రెండు పాత పుస్తకాలు చట్టబద్ధంగా ఉచితంగా దొరుకుతాయి.

1. ముందు మీ రుచి తేల్చుకోండి

మిమ్మల్ని రాత్రి రెండింటిదాకా కూర్చోబెట్టిన మూడు కథలు రాయండి. సినిమా అయినా, వెబ్ సిరీస్ అయినా, చిన్నప్పుడు చదివిన సీరియల్ అయినా సరే. ఆ మూడింటిలో ఉమ్మడిగా ఉన్నదేదో చూడండి. భయమా, ప్రేమా, రాజకీయమా, నవ్వా? దాన్నిబట్టి కింద చూసుకోండి.

ఇంట్లో దెయ్యం, పెద్దవాళ్ళు దాచిన పాత సంగతులు, మధ్యలో కాస్త హాస్యం పడతాయంటే జెన్ చో రాసిన "బ్లాక్ వాటర్ సిస్టర్" (2021). నన్నడిగితే మన పాఠకులకు ఇంతకంటే మంచి మొదటి పుస్తకం లేదు. అమెరికాలో పెరిగిన జెస్ అనే అమ్మాయి అమ్మానాన్నలతో మలేషియాకు తిరిగొస్తుంది. చనిపోయిన అమ్మమ్మ ఆమె తలలో దూరి మాట్లాడటం మొదలుపెడుతుంది. ఆ దెయ్యం నోరు విప్పగానే అడిగేది ఏమిటంటే, నువ్వు ఆడపిల్లల్ని ఇష్టపడతావని మీ అమ్మకు తెలుసా అని. చుట్టాలు, గుడి, పూనకం, ఆస్తి గొడవ, ఇంట్లో చెప్పలేని ప్రేమ. ఆ ప్రేయసి పేరు శరణ్య. ఆ ఇల్లు మన ఊళ్ళో కాదు, మలేషియాలోని పెనాంగ్‌లో ఉందని మధ్యమధ్యలో గుర్తుచేసుకోవాల్సి వస్తుంది. హింస కొంత ఉంది, అది మాత్రం గుర్తుంచుకోండి.

రాజ్యాలు, కుట్రలు, పాత దేవాలయాలు కావాలంటే తాషా సూరి "ది జాస్మిన్ థ్రోన్" (2021). అన్న చక్రవర్తి పాడుబడ్డ గుడిలో బంధించిన రాజకుమారి మాలిని, అక్కడ పనిమనిషిగా చేరిన, తన పాత శక్తుల్ని దాచుకున్న ప్రియ. భారతదేశపు చరిత్ర నుంచి, కథల నుంచి అల్లిన లోకం కాబట్టి ప్రియ, మాలిని, భూమిక, చంద్ర లాంటి పేర్ల దగ్గర మీరు తడబడరు. 2022లో ఉత్తమ నవలగా వరల్డ్ ఫాంటసీ అవార్డు తెచ్చుకుంది. అయితే ఐదువందల పేజీలు దాటుతుంది, మూడు పుస్తకాల్లో మొదటిది. బాహుబలి రెండు భాగాలూ ఒకే రోజు చూడగలిగే ఓపిక ఉంటేనే దీనితో మొదలుపెట్టండి.

పెళ్ళి కథ కావాలా? ఎవరీనా మాక్స్‌వెల్ "వింటర్స్ ఆర్బిట్" (2021). రెండు గ్రహాల మధ్య ఒప్పందం నిలబడాలని పెద్దలు కుదిర్చిన పెళ్ళి, ఇద్దరు మగవాళ్ళకు. పెళ్ళిచూపులు కూడా సరిగా జరగవు. ఒకరి మొదటి భర్త మరణం చుట్టూ అనుమానాలుంటాయి. సంబంధాలు చూసే వయసులో ఉన్నవాళ్ళు దీన్ని చదువుతూ నవ్వడం నేను చూశాను.

అలసిపోయి ఉన్నారు, ఎవరూ చావని కథ కావాలి అంటే బెకీ చాంబర్స్ "ఎ సామ్ ఫర్ ది వైల్డ్-బిల్ట్" (2021). ఊరూరా తిరుగుతూ టీ పోసి, జనం కష్టాలు వినే ఒక సన్యాసికి అడవిలో రోబో ఎదురవుతుంది. అంతే కథ. నూటయాభై పేజీల చిల్లర. ఇంగ్లీషు తేలిక.

ఒళ్ళు జలదరించాలి, కానీ రెండు రాత్రుల్లో అయిపోవాలి అంటే టి. కింగ్‌ఫిషర్ "వాట్ మూవ్స్ ది డెడ్" (2022). పాడుబడుతున్న బంగళా, చెరువు, పుట్టగొడుగులు, వింతగా నడిచే కుందేళ్ళు. వానాకాలంలో పెరట్లో మొలిచిన పుట్టగొడుగుల్ని చూసే చూపు మారిపోతుంది.

డబ్బు పెట్టను అంటారా, షెరిడన్ లె ఫాను "కార్మిల్లా" (1872) ఉంది. ఆస్ట్రియాలోని ఒంటరి కోట, అందులో లారా అనే అమ్మాయి, ఆమె దగ్గరికి అతిథిగా వచ్చిన కార్మిల్లా. "డ్రాకులా" రావడానికి పాతికేళ్ళ ముందే రక్తం తాగే ఆడమనిషి, ఆమె ప్రేమ రెండూ ఇందులో ఉన్నాయి. వందపేజీలకు అటూ ఇటూ.

ఆలోచన ముఖ్యం, కథ నెమ్మదిగా నడిచినా ఫరవాలేదు అనేవాళ్ళకే ఉర్సులా లె గ్విన్ "ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్" (1969). ఆడామగా అన్న భేదం పుట్టుకతో లేని మనుషుల గ్రహం. నెలలో కొద్దిరోజులు మాత్రం శరీరం ఎటో ఒకవైపు మారుతుంది. సైన్స్ ఫిక్షన్‌లో పెద్ద బహుమతులైన హ్యూగో, నెబ్యులా రెండూ వచ్చాయి. అందరూ ముందు దీన్నే చెబుతారు, అందరూ మూడో అధ్యాయం దగ్గర ఆగుతారు. రెండో పుస్తకంగా పెట్టుకోండి.

2. క్వీర్ విషయం కథలో ఏ వరసలో ఉందో కొనేముందే చూడండి

ఇందులో మూడు రకాలున్నాయి. ఒకటి, ఆ లోకంలో ఎవరు ఎవరిని ప్రేమించినా ఎవరూ పట్టించుకోరు. చాంబర్స్, మాక్స్‌వెల్ నవలలు ఇలాంటివి. రెండు, దాచుకోవాల్సిన ప్రేమ. ఆ దాపరికమే కథను నడిపిస్తుంది. "బ్లాక్ వాటర్ సిస్టర్" అది. మూడు, జెండర్ అన్నదాన్నే విప్పి మళ్ళీ కుట్టే కథ. లె గ్విన్ చేసింది అదే.

అట్ట వెనక రాసిన నాలుగు ముక్కలు చదివితే చాలావరకు తెలిసిపోతుంది. ఇంట్లో పెళ్ళి ఒత్తిడి నడుస్తున్నప్పుడు రెండో రకం చదివితే కొందరికి ఊరట, కొందరికి టెన్షన్ రెట్టింపు. మీరు ఎటువైపో మీకే తెలుసు. తెలియకపోతే మొదటి రకంతో మొదలుపెట్టండి.

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా చూస్తుంటాను. మొదటి రకం చదివి, "ఇందులో క్వీర్ ఏముంది, ఎవరూ ఏడవలేదు, ఎవరూ ఇంట్లోంచి వెళ్ళగొట్టలేదు" అని నిరాశపడతారు. ఏడుపు లేకపోవడమే ఆ పుస్తకంలో రచయిత పడ్డ శ్రమ.

3. హెచ్చరికలు చూసుకోండి, ముఖ్యంగా హారర్‌కి

స్టోరీగ్రాఫ్ అనే సైట్‌లో ప్రతి పుస్తకానికీ పాఠకులు పెట్టిన హెచ్చరికల పట్టీ ఉంటుంది. లైంగిక హింస, ఆత్మహత్య, జంతువుల చావు, ఇలా ఏది ఎంత మోతాదులో ఉందో కూడా రాస్తారు. కథ ముందే తెలిసిపోతుందన్న భయం ఉంటే ఆ పట్టీని స్నేహితుడికి ఇచ్చి, "నాకు పడనివి ఇవి, ఉన్నాయో లేదో చెప్పు చాలు" అనండి.

ఈ మెట్టు దాటేసిన పాపం నాదీ ఉంది. జూలియా ఆర్మ్‌ఫీల్డ్ "అవర్ వైవ్స్ అండర్ ది సీ" (2022) నాకు బాగా ఇష్టం. మూడు వారాలకని సముద్రం అడుగుకు వెళ్ళిన భార్య ఆరునెలలకు తిరిగొస్తుంది, కానీ వచ్చింది పూర్తిగా ఆమె కాదు. ఇంట్లో మనిషి కళ్ళముందే కొద్దికొద్దిగా లేకుండాపోవడం తప్ప అందులో పెద్ద దెయ్యమేమీ లేదు. దాన్ని ఒక స్నేహితురాలికి ఇచ్చాను. వాళ్ళ నాన్నకు అప్పుడే డయాలిసిస్ మొదలైందని నాకు తెలుసు. తెలిసీ ఆలోచించలేదు. మూడోరోజు పుస్తకం కవర్లో పెట్టి మా వాచ్‌మన్‌కి ఇచ్చి వెళ్ళింది.

మన దేశపు కథ కదా అని ఇంద్రా దాస్ "ది డివౌరర్స్" (2015) ముందు తీసుకునేవాళ్ళకూ ఒక మాట. కలకత్తాలో మొదలై షాజహాన్ కాలానికి వెళ్ళే రూపం మార్చుకునే మనుషుల కథ, 2017లో క్వీర్ పుస్తకాలకిచ్చే లాంబ్డా బహుమతి పొందింది, భాష అద్భుతం. కానీ అత్యాచారం కథకు నడిబొడ్డున ఉంది. పక్కకు తప్పుకుని చదవడం కుదరదు.

గ్రెచెన్ ఫెల్కర్-మార్టిన్ "మ్యాన్‌హంట్", ఆలిసన్ రమ్‌ఫిట్ "టెల్ మి ఐ యామ్ వర్త్‌లెస్" లాంటివి మొదటి పుస్తకాలుగా అస్సలు వద్దు. ట్రాన్స్ రచయితలు (పుట్టినప్పుడు రాసిన ఆడ, మగ గుర్తింపు తమది కాదనేవాళ్ళు) కోపంతో రాసిన, రక్తం ఓడే హారర్. వాటికి ఒక సమయం ఉంటుంది.

4. పుస్తకం సంపాదించండి, సరైన ప్రతి చూసుకుని

ముందు శాంపిల్. కిండిల్లో మొదటి కొన్ని పేజీలు ఉచితంగా వస్తాయి. అవి చదవకుండా కొనొద్దు. పాతవాటికి ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ ఉంది, కాపీరైటు తీరిన పుస్తకాలు ఉచితంగా ఇచ్చే సైట్. "కార్మిల్లా" అక్కడే దొరుకుతుంది. హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతకడం సరదా, కానీ ఫలానాదే కావాలని వెళ్తే ఉత్త చేతులతో వస్తారు. దొరికింది కొనే మనసుతో వెళ్ళండి.

గుటెన్‌బర్గ్‌లో ఆస్కార్ వైల్డ్ "ది పిక్చర్ ఆఫ్ డోరియన్ గ్రే" కూడా ఉంది. దాన్ని ఏ వర్షనైనా ఒకటే అనుకుని దింపుకోకండి. 1890లో పత్రికలో వచ్చింది పదమూడు అధ్యాయాలు. 1891లో పుస్తకంగా వచ్చింది ఇరవై. పత్రికలో గగ్గోలు రేగాక వైల్డ్ కొత్త అధ్యాయాలు చేర్చి, మగవాళ్ళ మధ్య ప్రేమ మరీ కనబడే చోట్ల మెత్తబరిచాడు. పత్రికలో అచ్చయ్యేముందే ఎడిటరు ఐదువందల దాకా మాటలు కొట్టేశాడు. ఆ కొట్టేసినవి కూడా కలిపిన ప్రతి 2011లో గానీ హార్వర్డ్ నుంచి రాలేదు. 1895లో కోర్టులో వైల్డ్‌కు ఈ నవలనే, అదీ పత్రికలో వచ్చిన రూపంలో, చదివి వినిపించి ప్రశ్నలు వేశారు. మెత్తబరిచినా వదల్లేదన్నమాట. మీరు కథకోసం చదువుతుంటే ఇరవై అధ్యాయాలది, ఏం దాచారో చూడాలంటే పదమూడుది. ఎలా తెలుస్తుందంటే, దింపుకున్నాక విషయసూచిక లెక్కపెట్టండి.

సిరీస్ అయితే మొదటి భాగమేదో రెండుసార్లు చూసుకోండి. టామ్సిన్ మ్యూర్ "గిడియన్ ది నైన్త్" (2019) బదులు అట్ట బాగుందని రెండోదైన "హారో ది నైన్త్" కొన్నవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు. ఆ రెండో పుస్తకం చాలాభాగం "నువ్వు, నువ్వు" అని నడుస్తుంది, మొదటిది చదివినవాళ్ళకు కూడా అందులో తల తిరుగుతుంది.

వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్‌లు వద్దు. రచయితకు రూపాయి రాదన్నది ఒకటి. పేజీలు ఎగిరిపోయి, వాలుఅక్షరాలు మాయమై వస్తాయన్నది ఇంకొకటి. ఉత్తరాలూ కలలూ కలిసి నడిచే నవలల్లో వాలుఅక్షరం పోతే ఎవరు మాట్లాడుతున్నారో తెలీదు.

5. ఎవరి కంట పడకూడదో వాళ్ళ కంట పడకుండా

ఈ మెట్టు అవసరం లేనివాళ్ళు అదృష్టవంతులు, దాటేయండి.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. పరస్పర ఇష్టంతో పెద్దవాళ్ళ మధ్య ఉండే స్వలింగ సంబంధం నేరం కాదని అప్పుడే తేలింది. పుస్తకం చదవడం ఎప్పుడూ నేరం కాదు. అయినా ఇంట్లో బాబాయి వేసే ప్రశ్నకు సుప్రీంకోర్టు వచ్చి జవాబు చెప్పదు కదా.

- ఇంట్లో అందరిదీ ఒకే అకౌంట్ అయితే మీరు కొన్న పుస్తకం అట్ట వాళ్ళ తెరమీదా కనబడొచ్చు. మీకు వేరే అకౌంట్ పెట్టుకోండి. 
- ఆర్డర్ మెసేజ్ ఎవరి నంబరుకు వెళ్తుందో చూడండి. చాలా ఇళ్ళలో అది నాన్న నంబరే.
- లాక్ స్క్రీన్ మీద నోటిఫికేషన్లు కనబడకుండా ఆపేయండి.
- కాగితం పుస్తకానికి పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేయండి. స్కూల్ రోజుల్లో చేసిన పనే.
- ఆడియో పుస్తకం వినేవాళ్ళు కారెక్కేముందు బ్లూటూత్ ఆపండి. 

చివరిది ఎందుకు రాశానంటే, మా పిన్నిని స్టేషన్‌కి దింపడానికి వెళ్తుంటే నా ఫోన్ దానంతటదే కారు స్పీకర్లకు తగులుకుని, రెండు గ్రహాల రాకుమారుల ముద్దు దగ్గర నుంచి అందుకుంది. పిన్ని రెండు నిమిషాలు శ్రద్ధగా విని, "ఇంగ్లీషు వార్తలు ఇంత నెమ్మదిగా చదువుతారా ఇప్పుడు" అంది. నా అదృష్టం బాగుంది. మీ పిన్నికి ఇంగ్లీషు బాగా వస్తే?

6. మొదటి యాభై పేజీలు

ఎక్కువమంది రాలిపోయే చోటు ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం.

పేర్ల కాగితం తీయండి. కొత్త మనిషి రాగానే పేరు, పక్కన ఒకే ఒక్క గుర్తు: "నల్లకళ్ళద్దాలు", "వంటమనిషి", "అబద్ధాలకోరు". "గిడియన్"కి మొదట్లోనే పాత్రల పట్టిక ఇస్తారు, దాన్ని ఫోటో తీసుకుని పెట్టుకోండి. మూతపడ్డ భవనంలో శవాలతో పనిచేసే మంత్రగాళ్ళు ఒక్కొక్కరే హత్యకు గురయ్యే కథ అది. ఎవరు పోయారో తెలియకపోతే భయం ఎలా వేస్తుంది?

తరవాత సర్వనామాలు. ఇంగ్లీషులో ఒక్క మనిషిని "దే" అనగానే మనవాళ్ళు "ఎంతమంది వచ్చారు?" అని వెనక్కి తిప్పి చదువుతారు. మీకు ఇబ్బంది అక్కర్లేదు. "డాక్టరుగారు వచ్చారు, కూర్చున్నారు, మందు రాశారు" అని మనం రోజూ అంటాం. ఆ డాక్టరు ఆడో మగో ఆ వాక్యంలో లేదు, ఒక్కరే అని మాత్రం తెలుసు. "దే" కనబడినచోటల్లా లోపల "గారు వచ్చారు" అని చదువుకోండి. చాంబర్స్ నవలలో టీ పోసే సన్యాసి డెక్స్‌కి ఇది చక్కగా అతుకుతుంది. కింగ్‌ఫిషర్ నవలలో సైనికుడిగా ప్రమాణం చేసినవాళ్ళకు "కా" అని వేరే సర్వనామమే ఉంటుంది. అదీ అంతే, హోదా అనుకోండి.

ఆన్ లెకీ "యాన్సిలరీ జస్టిస్" (2013) ఇంకో రకం పరీక్ష. ఆ సామ్రాజ్యపు భాషలో ఆడామగా తేడా లేదు కాబట్టి కథ చెప్పేవారు అందరినీ "షీ" అనే అంటారు, గడ్డాలున్నవాళ్ళను కూడా. చదివేవాళ్ళు చేసే తప్పేమిటంటే, "ఇంతకీ ఇతను మగాడా?" అని పెన్సిల్ పట్టుకుని తేల్చడానికి కూర్చుంటారు. తేల్చకండి. మన "వచ్చింది" అన్న మాట సీతకూ సరిపోతుంది, ఆవుకూ సరిపోతుంది, బస్సుకూ సరిపోతుంది. దానితో బతుకుతూనే ఉన్నాం. పైగా ఈ నవలలో కథ చెప్పేది ఒకప్పుడు యుద్ధనౌక. "వచ్చింది" అని చదువుకుంటే మనిషికీ ఓడకీ కలిపి ఒకే మాట. తెలుగువాళ్ళకు ఇది ఇంగ్లీషువాళ్ళకంటే సులువని నా నమ్మకం. మొదటి సగంలో కథ ఇప్పటికీ, ఇరవై ఏళ్ళ వెనక్కీ మారుతూ ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి.

లె గ్విన్ దగ్గర ఇది తిరగబడుతుంది. ఆడామగా కానివాళ్ళందరినీ ఆమె "హీ" అంది. దానివల్ల వాళ్ళంతా మగవాళ్ళలా కనబడుతున్నారని విమర్శ వచ్చింది, మొదట ఒక వ్యాసంలో సమర్థించుకున్నా తరవాత ఆ వ్యాసాన్ని తనే తిరగరాసి ఒప్పుకుంది. కాబట్టి మీకూ మగవాళ్ళలాగే కనబడితే తప్పు మీది కాదు.

అర్థంకాని మాటలు వస్తే డిక్షనరీ తెరవొద్దు. సగం మాటలు రచయిత పుట్టించినవే, అందులో ఉండవు. మూడుసార్లు కనబడేదాకా ఆగండి. నాలుగోసారికీ తెలియకపోతే అప్పుడు వెనక్కి వెళ్ళండి.

యాభయ్యో పేజీ పరీక్ష: పుస్తకం మూసి మూడు ప్రశ్నలు. ఎవరికి ఏం కావాలి? ఎవరు అడ్డు? నాకు తరవాత పేజీ తిప్పాలనుందా? మొదటి రెండింటికి జవాబు లేకపోతే పుస్తకం కష్టమైనది, ఇంకో ముప్పై పేజీలు ఇవ్వండి. మూడోదానికి "లేదు" అయితే సిగ్గుపడకుండా ఆపి, ఒకటో మెట్టుకు వెళ్ళండి.

7. ఇరుక్కుంటే

"లెఫ్ట్ హ్యాండ్"లో ఇరుక్కున్నవాళ్ళకు నేను చెప్పే చిట్కా: ఏడో అధ్యాయం తీసి ముందు చదవండి. అది ఒక పరిశీలకురాలి నోట్స్, ఆ గ్రహపు మనుషుల శరీరం ఎలా పనిచేస్తుందో విడమరచి చెబుతుంది. కథ బయటపడదు. ఆ తరవాత మొదటికి వస్తే రాజుగారి దర్బారు రాజకీయం కూడా ఆసక్తిగా ఉంటుంది. ఇద్దరు మనుషులు మంచుమీద బండి లాక్కుంటూ వెళ్ళే భాగం చివర్లో ఉంది. దానికోసమే ఈ నవల చదవాలి, అక్కడిదాకా ఎలాగోలా చేరండి.

అమల్ ఎల్-మొహతార్, మాక్స్ గ్లాడ్‌స్టన్ కలిసి రాసిన "దిస్ ఈజ్ హౌ యూ లూజ్ ది టైమ్ వార్" (2019) సన్నగా ఉంటుంది కదా అని ఒక్కరాత్రిలో లాగించబోతారు. కాలంలో ముందుకూ వెనక్కూ తిరుగుతూ పోరాడే ఇద్దరు శత్రు గూఢచారిణులు ఒకరికొకరు రాసుకునే ఉత్తరాలు. రోజుకు రెండు ఉత్తరాలకు మించి వద్దు. యుద్ధం ఎందుకో అర్థం కాలేదని ఆందోళన పడొద్దు. అది అసలు చెప్పలేదు.

వజ్ర చంద్రశేఖర "ది సెయింట్ ఆఫ్ బ్రైట్ డోర్స్" (2023)లో ఇరుక్కుంటే అది మంచి లక్షణమే. తండ్రిని చంపడానికి తల్లి పెంచిన కొడుకు, నీడ లేని మనిషి, నగరంలో అతనికో ప్రియుడు. మధ్యలో ఊళ్ళూ మతాలూ క్యాంపులూ చిక్కుపడిపోతాయి. శ్రీలంక రాజకీయం కొంచెం తెలిసినవాళ్ళకు ఆ చిక్కు ఎందుకో తెలుస్తుంది.

8. పూర్తయ్యాక సరిచూసుకోవడం

కథను ఎవరికైనా "క్వీర్" అన్న మాట లేకుండా రెండు నిమిషాల్లో చెప్పండి. చెప్పగలిగితే మీరు నవల చదివారు. "ఇందులో ఇద్దరు ఆడవాళ్ళు ఉంటారు" దగ్గర ఆగిపోతే అట్ట చదివారు.

తరవాత ఆ పాత్రలను మామూలు ఆడామగా జంటగా మార్చి చూడండి, ఏం పోతుంది? "బ్లాక్ వాటర్ సిస్టర్"లో మారిస్తే దెయ్యానికి జెస్ మీద పట్టే పోతుంది, రహస్యం లేదు కాబట్టి. కథ కూలిపోతుంది. "వింటర్స్ ఆర్బిట్"లో మారిస్తే నిలబడుతుంది. నిలబడటం లోపం కాదు. ఈ రెండిట్లో మీకు ఏది ఎక్కువ నచ్చిందో అదే మీ తరవాతి పుస్తకానికి దారి.

మూడోది, చివర్లో ఎవరైనా చచ్చిపోతే, ఎవరు పోయారు, ఎందుకు పోయారు చూడండి. క్వీర్ పాత్రను చంపి, మిగతావాళ్ళను ఇళ్ళకు పంపే అలవాటు పాత కథల్లో బాగా ఉండేది. "కార్మిల్లా"లో గుండెలో మేకు దిగేది ఎవరికో మీరే చూస్తారు. కానీ హారర్‌లో అందరూ చస్తారు, అది లెక్కలోకి రాదు.

తరచుగా జరిగే ఇంకొన్ని పొరపాట్లు

రచయిత ఎవరో, వాళ్ళూ క్వీరేనా అని ముందు ఆరా తీయడం. కొందరు చెప్పుకున్నారు, కొందరు చెప్పుకోలేదు. పుస్తకం చదవడానికి అది టికెట్టు కాదు.

పుస్తకం నచ్చిందని వెంటనే ఆఫీసులో సహోద్యోగి బల్లమీద పెట్టి, "నీకు బాగా నచ్చుతుంది" అనడం. ప్రేమతోనే చేస్తారు. కానీ ఆ మనిషి ఎవరికీ చెప్పుకోని సంగతిని మీరు నలుగురి ముందు ఊహించినట్టవుతుంది. "దెయ్యాల కథ ఒకటి ఉంది, చదువుతారా?" అని అడగండి, చాలు.

మన దగ్గర శిఖండి, బృహన్నల ఉన్నారు కదా, ఇవన్నీ మనకు ఎప్పుడో తెలుసు అని పుస్తకం పక్కన పెట్టడం. శిఖండి అన్న మాటను మనం వీధిలో ఏ అర్థంలో వాడతామో ఒకసారి గుర్తుచేసుకుంటే ఎంత తెలుసో తెలుస్తుంది.

వరసగా ఐదు కొనడం కూడా. ఒకటి కొనండి, అయ్యాక రెండోది. కొని పెట్టుకున్న పుస్తకం అప్పులాంటిది, చూసినప్పుడల్లా మొహం చాటేస్తాం.

ఆ తరవాత

రెండు మూడు పుస్తకాలు దాటాక మీ అంతట మీరే వెతుక్కోవచ్చు. లాంబ్డా బహుమతుల పాత జాబితాలు మంచి చోటు. జ్యూల్ గోమెజ్ "ది గిల్డా స్టోరీస్" (1991) నాకు అలాగే దొరికింది. 1850లో బానిసత్వం నుంచి పారిపోయిన నల్లజాతి అమ్మాయి రక్తపిశాచిగా మారి రెండు శతాబ్దాలు బతికే కథ. రక్తం తీసుకున్నవాళ్ళకు బదులుగా ఏదో ఒకటి ఇచ్చి వెళ్ళాలన్నది ఆమె నియమం. "కార్మిల్లా" తరవాత వెంటనే దీన్ని చదివితే రెండూ ఒకదానితో ఒకటి వాదించుకుంటున్నట్టు ఉంటుంది.

శామ్యూల్ డెలానీ "డాల్‌గ్రెన్" (1975) గురించి అడుగుతారు కొందరు, ఎనిమిదివందల పేజీలు, మొదటి వాక్యమే సగం నుంచి మొదలయ్యే నవల. దానికి నా దగ్గర మెట్లేమీ లేవు. రెండుసార్లు మొదలుపెట్టి వదిలేశాను. ఈసారి పేర్ల కాగితంతో కూర్చున్నాను, మూడువందల పన్నెండో పేజీలో ఉన్నాను.